పెట్రోలు ట్యాంకునకు మాటు

క్రిందటి నెల ఈ పుటలలో ఇత్తడి బిందెల మాట్లను గూర్చి వ్రాసితిని. అది చదివిన సోదరి యొకతె, మాట్లు వేయువారే కనబడని యీ కాలమున ఆ ముచ్చట యెవరికి గావలెనని నిష్ఠురముగా ఉత్తరము వ్రాసినది. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ యుత్తరము నా చేతికి వచ్చిన వారముననే మా యింట మాటు వేయువాని యవసరము కలిగినది. బిందెకు గాదు, మోటారుకారు పెట్రోలు ట్యాంకునకు. స్త్రీల పత్రికలో కారు మరమ్మతు కథ యేమని నవ్వకుడు. తుదవఱకు చదివి, ఇది వంటయింటి విషయమో కాదో మీరే నిర్ణయింపుడు.

మా మామగారు పల్లెలు తిరిగి వైద్యము చేసినవారు. 1974వ సంవత్సరమున వారొక అంబాసిడరు కారు కొనిరి. ఆ కారు సంగతి నేటి పిల్లలకు తెలియకపోవచ్చును. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును మాదిరిగా గైకొని, హిందూస్థాన్ మోటార్సువారు వంగదేశమునందలి ఉత్తరపారాలో 1950 దశాబ్దము చివర మొదలిడి 2014 వఱకు దానిని చేయుచు వచ్చిరి. మంత్రులును, కలెక్టర్లును, పెండ్లికొడుకులును అందులోనే తిరిగిన కాలమొకటి యుండెను. 1998 నవంబరులో నాటి ప్రధాని వాజపేయిగారు మాదాపూర్‌లో సైబర్ టవర్సును ప్రారంభించిన క్రొత్తలో, బండరాళ్ల నడుమ లేచిన ఆ గుండ్రని మేడను చూపుటకై మామగారు ఇంటిల్లిపాదిని ఈ కారులోనే తీసికొని వచ్చిరట. "ఈ గుట్టల్లో ఎవరుంటార్రా?" అని నవ్విరట. ఇప్పుడు మేమే యున్నాము. వారెన్నడో కొండాపూర్‌లో కొని విడిచిన కొద్ది స్థలమును అపార్టుమెంటు కట్టువారి కిచ్చి, అందుకు బదులుగా వచ్చిన వాటాలో మా కాపురము. చుట్టును అద్దాల మేడలు. మా సెల్లారునిండ నిగనిగలాడు క్రొత్త కార్లు. వాని నడుమ, పట్టణపు పెండ్లిలో పల్లెటూరి పెద్దమనిషివలె, ఈ అంబాసిడరు.

మామగారు గతించి ఆఱేండ్లయినది. మావారు బడికి మెట్రో రైలులో పోయి వచ్చుచున్నారు. కారు నెలకొక్కమారు కదలిన గొప్ప. అమ్ముదమని నేను రెండుమాఱులు అన్నమాట నిజము. ఆ రెండుమాఱులును మా అత్తయ్యగారు మాటాడక లేచి లోనికి పోయిరి. మూడవమాఱు నేననలేదు.

శ్రావణమాసమున ఒకనాటి యుదయము మా వాచ్‌మన్ భార్య పైకి వచ్చి తలుపు కొట్టినది. వారు పాలమూరు వైపువారు. సెల్లారులో మెట్ల ప్రక్కనున్న చిన్నగదిలో భార్యాభర్తలును ఇద్దరు పిల్లలును ఉందురు. గుమ్మము వెలుపలనే గ్యాసు పొయ్యి.

"అమ్మా, మూడు దినాల సంది పెట్రోలు వాసనొస్తున్నది. రాత్రి పిల్లగాడు నిద్రపోలే."

మావారు బడికి పోవు తొందరలో నుండిరి. "పాత బండి కదా, కొంచెం వాసన ఉంటుందిలే" అనిరి. అత్తయ్యగారు జపమాల ప్రక్కన బెట్టి, "పేరే కారు. కారక ఏం చేస్తుందిరా?" అనిరి. అందఱము నవ్వితిమి, ఆ వచ్చిన తల్లి తప్ప.

నేను క్రిందికి దిగి చూచితిని. కారు వెనుకభాగమున, డిక్కీ క్రింద, నేలమీద అరచేతియంత తడి. పెట్రోలు నీరువంటిది గాదు. పడినది పడినట్లే ఆవిరియై పోవును. అయినను అరచేతియంత తడి నిలిచియున్నదనగా, అంతకు పలురెట్లు గాలిలో గలిసినదని యర్థము. ఆ యావిరి అగరువత్తి పొగవలె పైకి లేవదు. గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది గనుక నీరు పారినట్లు నేలనంటి పల్లమునకు బోవును. మా సెల్లారు నేలను కడిగిన నీరు పోవుటకై ఒక ప్రక్కకు వాలుగా పోసియున్నారు. ఆ వాలు ఎటనుకొన్నారు? వాచ్‌మన్ గది వైపునకే. అక్కడ పొయ్యిమీద అన్నపు కుక్కరు కూయుచున్నది.

చిన్ననాడు మా తాతగారు నాచేత భారతము చదివించునప్పుడు లక్కయింటి కథయందు ధర్మరాజు తెలివిని మెచ్చుకొనుచుండెడివారు. ఆ యింట నడుగిడినంతనే నేతిని లక్కను గలిపి మెత్తిన గోడల వాసనను బట్టి యతడు కుట్రను గనిపెట్టెను గదా. నేనును అంతమట్టునకే తలచుచుంటిని. ఆ దినమున కుక్కరు ప్రక్కన నిలువబడినప్పుడు ఆ కథలోని రెండవభాగము నా మనసున మెదలినది. వాసన దెలిసినవారు సొరంగమున బడి బయటపడిరి. ఆ రాత్రి అందులో కాలినది పురోచనుడు మాత్రమే గాదు. విందునకు వచ్చి, తిని, త్రాగి, అయిదుగురు కొడుకులతో ఆదమఱచి నిదురించిన బోయత. ఆమె పేరైనను కథలో లేదు. ఆమెను గూర్చి తాతగారిని నేనెన్నడును అడుగలేదు, వారును చెప్పలేదు.

మొదట పొయ్యి ఆర్పించితిని. సిలిండరును, గిన్నెలను, పిల్లలను మా యింటికి పంపితిని. ఆ కారును గాని, దాని ప్రక్కనున్న కార్లను గాని ఎవరును అక్కడ స్టార్టు చేయరాదని చెప్పి, పై అంతస్తులలోని యువకులను పిలిచితిని. రాత్రులు ఆఫీసుపని చేసి పగలు నిదురించు పిల్లలు వారు. పాపము, కన్నులు నులుముకొనుచునే ఆఱుగురు వచ్చి, బండిని చేతులతో త్రోసి వెలుపలి ఖాళీ స్థలమున నిలిపిరి. తడిపై పొడియిసుక చల్లించితిమి. నీరు పోసి కడుగరాదు. పెట్రోలు నీటిమీద తేలి మఱింత దూరము పోవును. గాలి యాడి వాసన పోయిన పిదప గాని సెల్లారులోని నీళ్లమోటారు స్విచ్చిని వేయనీయలేదు. దానికి రెండవ అంతస్తువారు కొంత విసుగుకొనిరి.

కాఱునది ట్యాంకేనా, లేక దానికి దగిలించిన రబ్బరు పైపా యని తెలిసికొనుట కొక యుపాయము కలదు. అడుగుభాగమును గుడ్డతో పొడిగా తుడిచి, మనము ముఖమునకు పూసికొను పౌడరును దట్టముగా చల్లవలెను. కొంతసేపటికి ఎక్కడ మొదట తడిసి నల్లబడునో అదియే రంధ్రము. మా కారున పైపు పొడిగానే యున్నది. ట్యాంకు అడుగున, రెండు రేకులు గలిసిన అతుకు ప్రక్కన, ఆవగింజంత నల్లచుక్క దేలినది.

ఇనుప ట్యాంకునకు తూటు వెలుపలి రాయి తగిలి పడుట కొంత యుండును గాని, లోపలినుండి పడుటయే తఱచు. సగము ఖాళీగా నిలిచిన ట్యాంకులో మిగిలిన సగము గాలి. వానకాలపు గాలిలో తేమ యుండును. రాత్రి చల్లబడినప్పుడు ఆ తేమ మూత లోపల చెమటపోసినట్లు రేకునంటి క్రిందికి జాఱును. నీరు పెట్రోలుకంటె బరువు గనుక అట్టడుగున చేరును. అక్కడనే త్రుప్పు. దీనికి తోడు, 2023 ఫిబ్రవరినుండి మనదేశమున 20 శాతము ఇథనాలు గలిపిన పెట్రోలు వచ్చినది. 2030 నాటికని మొదట ననుకొన్న లక్ష్యమును 2025 నకే జరిపి అందుకొన్నారు. దిగుమతి చమురు ఖర్చు తగ్గుట మంచిదే, నేను కాదనను. అయితే ఇథనాలు ఉప్పువలె తేమను పీల్చును. నీరు హెచ్చయినప్పుడు పెట్రోలును విడిచి ఆ నీటితో గలిసి అడుగునకు దిగును. పాతకాలపు రబ్బరును మెత్తబఱచును. దినదినము తిరుగు బండికి దీనివలన బాధ తక్కువ. నెలల తరబడి నిలిచియుండు మా బండివంటి వానికి, ట్యాంకులో త్రుప్పునీటి నూయి త్రవ్వినట్లే.

వీథిలోని మెకానిక్కు వచ్చి తూటుపై బట్టల సబ్బును అరగదీసి రుద్దెను. కాఱుట నిలిచినది! పెట్రోలులో సబ్బు కరగదు గనుక ఈ చిట్కా పని చేయును. దారిలో ఆగిపోయిన బండి ఊరు చేరుటకు ఇది చాలును. దానినే మరమ్మతనుకొని ఇంటిక్రింద నిలుపుకొనుట మాత్రము తెలివి గాదు. ఎం-సీల్ ముద్ద పెట్టుడని మఱికొందఱు చెప్పిరి. అదియును కొన్నాళ్లు నిలుచునేమో. లోపల త్రుప్పు తినుచుండగా పైన పట్టీ వేసిన నేమి? పుండు మానక మునుపే చర్మము మూసికొన్నట్లగును.

ట్యాంకు దింపక తప్పదని తేలినది. అందులో పదునొకండు లీటర్ల పెట్రోలున్నది. మెకానిక్కు రబ్బరు గొట్టమును నోటబెట్టి పీల్చబోగా వలదంటిని. ఈ యలవాటు మనవైపు మిక్కిలి హెచ్చు. నోటిలోనికి వచ్చినది ఒక్క గ్రుక్కయైనను ఊపిరితిత్తులలో బడినచో న్యుమోనియా వంటి వ్యాధి కలుగును. సోదరీమణులారా, ప్రస్తుత కథ నుండి తప్పుకొని యొక్కమాట చెప్పనిండు. ఇంట పసిబిడ్డ పెట్రోలుగాని కిరసనాయిలుగాని త్రాగినయెడల, ఉప్పునీరు పోసి వాంతి చేయింపకుడు. వాంతితో నది మరల గొంతుకెక్కి ఊపిరిలోనికి దిగును. వెంటనే ఆసుపత్రికి తీసికొని పొండు. మా యింట చేతితో నొక్కు పంపుతో పెట్రోలును ఇనుప డబ్బాలోనికి తోడి, బ్యాటరీ తీగ నూడదీసి, ట్యాంకును దింపిరి.

ఆ సాయంకాలము మావారి స్నేహితులొకరు పంపిన వెల్డింగు పనివాడు గ్యాసు సామగ్రితో సిద్ధమయ్యెను. ట్యాంకును బోర్లించి చూచి, "చుక్క లేదమ్మా, ఖాళీయే. అయిదు నిమిషాల పని" యనెను. మంట వెలిగింపబోవుచుండగా నేను ట్యాంకునకు అడ్డముగా నిలిచితిని.

"నీళ్లతో కడిగావా బాబూ?"

"కడిగేదేముందమ్మా? ఎండిపోయింది. ఇట్లాంటివి శానా చేసిన, ఏం కాలే."

మావారికి నలుగురిలో చిన్నతనమైనది. "అతను రోజూ చేసే పనే కదా. నీకెందుకు?" అనిరి. "నిండా పెట్రోలు ఉందంటే నాకింత భయం ఉండదండీ. ఖాళీ అంటున్నాడు, అందుకే భయం" అంటిని. ఈ మాటకు అక్కడున్నవారు నవ్విరి. పనివానికి టీ ఇచ్చి, రానుపోను ఆటోకిరాయి చేతబెట్టి పంపివేసితిని. అతడు కోపముతోనే పోయెను. రోజుకూలి చెడిన మనిషి కోపమును నేను తప్పుపట్టను. మావారు ఆ రాత్రి నాతో మాటాడక భోజనము చేసిరి.

నేనట్లు నిలుచుటకు హేతువొకటి గలదు. నాకు పదేండ్లప్పుడు మా పుట్టినింటివారి యూర, రోడ్డుప్రక్క షెడ్డులో, ధాన్యము పోసికొనుట కొకరు పాత పెట్రోలు పీపాను తెచ్చి పైమూత కోయించబోయిరి. అది యేడాదిగా ఖాళీగా పడియున్నది. బిరడా బిగించియే యున్నది. మంట తగిలిన మఱుక్షణమున పుట్టిన చప్పుడు మా బడి పలకలను కదలించినది. ఆ పనివాడు మా వీథివాడే. ఆతని భార్య తరువాత చాలకాలము మా యింట వడ్లు దంచినది. ఖాళీదని తెలిసికొనియే పని మొదలుపెట్టెనని ఆమె యెప్పుడును చెప్పుచుండెడిది. అది నింద గాదు, సమర్థనము గాదు. అర్థము గాక చెప్పెడిది.

అర్థమైన పిదప నాకు తెలిసినది ఇది. ద్రవముగా నున్న పెట్రోలు మండదు, మండునది ఆవిరి. ఆ యావిరియైనను గాలితో తగుపాళ్లలో గలిసిననే మండును. నూఱు పాళ్లలో ఒకటిన్నరకు తక్కువైనను, ఏడున్నరకు మించినను నిప్పంటుకొనదు. నిండుట్యాంకులో గాలికి చోటు లేదు. ఖాళీట్యాంకులో గాలి కావలసినంత. మఱి ఆవిరి యెంత కావలెను? ఆ రాత్రి పాలలెక్క పుస్తకము వెనుక నేను లెక్కవేసితిని. ఒక లీటరు పెట్రోలు ఆవిరియైనచో సుమారు 200 లీటర్లగును. మా ట్యాంకు పట్టునది 50 లీటర్లకు కొంచెము పైన. ఒక్క చిన్నచెంచాడు పెట్రోలు, అనగా 5 మిల్లీలీటర్లు, ఒక లీటరు ఆవిరి యగును. 50 లీటర్ల గాలిలో ఒక లీటరనగా నూటికి రెండు. సరిగా పేలుటకు దగిన పాలు. చిన్నచెంచాడు పెట్రోలు ట్యాంకు అతుకులలోను త్రుప్పుపొరలలోను దాగియుండుట కష్టమా? చల్లగానున్నప్పుడు దాగియుండి, వేడి తగిలినప్పుడు బయటికి వచ్చును. "చుక్క లేదు" అన్న మాట కంటికి నిజము.

ఆ కాగితమును మావారి మంచముపై నుంచితిని. ఉదయమున వారు ఎఱ్ఱకలముతో, పిల్లల పరీక్షపత్రమునకు వలె, ప్రక్కన టిక్కు పెట్టియుండిరి. "రేపు సెలవు పెడతాను. రాణీగంజ్ వెళ్దాం" అనిరి. అంతకుమించి యేమియు ననలేదు. నేనును అడుగలేదు.

సికింద్రాబాదు రాణీగంజ్‌లో ఇనుపసామానుల దుకాణములును, మోటారు విడిభాగముల యంగళ్లును ఎన్ని యున్నవో చెప్పనలవిగాదు. వాని వెనుక సందులో రేడియేటర్లు బాగుచేయు వృద్ధుడున్నాడని మా మెకానిక్కు చెప్పియుండెను. ట్యాంకును పైకప్పులేని ట్రాలీ ఆటోలో వేయించుకొని పోయితిమి. ఆ వృద్ధుడు మొదట దానిని ముట్టుకొనలేదు. వంగి, మూతి దగ్గఱ వాసన చూచి, ప్రక్కనున్న కుఱ్ఱవానిచేత పెరటిలోని కొలిమిని కప్పించెను. అప్పుడు నా మనసు కుదుటబడినది.

తరువాత ట్యాంకును చంకనెత్తుకొని చుట్టును వ్రేళ్లతో కొట్టి వినెను. కుండ కొనునప్పుడు మనము చూచినట్లే. చప్పుడు ఖంగున వచ్చిన చోట రేకు గట్టిగా నున్నది, బొద్దుగా వచ్చిన చోట త్రుప్పు తినినది. "అంతటా బొద్దుగా మోగితే మాటు వద్దు, కొత్తది చేయించుకోండి అని చెప్పేవాణ్ణి. ఇది బతుకుతుందమ్మా" అనెను.

పని మూడుదినములు పట్టినది. మొదటి దినమంతయు కడుగుటయే. పెట్రోలు ఎంత మిగిలినదో చూపు మీటరు తేలుబంతిని ఊడదీసి, అన్ని మూతులు తెఱచి, చాకలిసోడా గలిపిన వేడినీరు పోసి, ఊపి, ఒంపి, మరల పోసి, ఇట్లు అయిదాఱుమాఱులు. పిమ్మట గొట్టముతో నీటియావిరిని చాలసేపు లోనికి బంపిరి. దాగియున్న పెట్రోలును ఆ వేడి వెలికి తెచ్చును. "ఇక వాసన లేదు" అని నేననగా ఆతడు తలయూపి, "ముక్కును నమ్మకూడదమ్మా. కొంతసేపటికి అలవాటు పడిపోతుంది" అని మరల కడిగించెను. మా వాచ్‌మన్‌కు మూడురోజులు వాసన యేల తెలియలేదో అప్పుడు గ్రహించితిని. ఆతడు సెల్లారు విడిచి పోడు. భార్య నాలుగిండ్లలో పనికి పోయి వచ్చును గనుక, వచ్చినప్పుడెల్ల ఆమెకు క్రొత్తగా తెలిసినది.

ఆవిరి పోయినదని నిశ్చయమైన పిదపనే త్రుప్పు పని. చిన్న ఇనుప నట్లను గుప్పెడు లోన వేసి ఇద్దఱు పట్టి జల్లించిరి. మునుపే యిట్లు చేసినచో ఇనుము ఇనుమునకు తగిలిన రవ్వయే చాలునట. వచ్చిన త్రుప్పు దోసెడున్నది, కారపుపొడివలె. మిగిలిన మరకలకు నిమ్మఉప్పు గలిపిన నీరు పోసి రాత్రియెల్ల నుంచిరి. చింతపండుతో ఇత్తడిని తోమిన చేతులకు ఇందులో వింతయేమున్నది? పులుపు త్రుప్పును తినును. తెల్లవాఱి వంటసోడా నీటితో ఆ పులుపును విఱిచి, కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టిరి. తడి నిలిచినచో క్రొత్త త్రుప్పు ఆ పూటనే పుట్టును.

అప్పుడు నీరు నింపి చూడగా, ఒక తూటనుకొన్నది మూడు తూట్లయినది. మిగిలిన రెంటిని త్రుప్పే మూసియుంచినది!

మూడవదినమున మాటు. తూట్లచుట్టు రేకును తళతళలాడు వఱకు గీకించి, మందుపూసి, ట్యాంకును బోర్లించి, తూటు పైకివచ్చునట్లుంచి, లోన నీరు నింపెను. వ్రేలిమందము చోటు మాత్రమే వదలెను. ఆవిరికి తావే లేకుండ జేయుట ఇది. వేడికి పొంగిన గాలి పోవుటకు మూతి తెఱచియే యున్నది. మంటను ట్యాంకు దగ్గఱకు రానీయలేదు. పెరటి కావలి కొసన కొలిమిలో రాగికడ్డీని కాచి తెచ్చి, దానితో తగరము సీసము గలిసిన కడ్డీని తూటుపై కరగించెను. పాలవలె కరగి, రేకునంటి, క్షణములో గట్టిపడినది. పెద్దతూటుపై మాత్రము కళాయిపూసిన చిన్నరేకు ముక్కను అతికెను. "మా నాయన ఇళ్లకు తిరిగి గిన్నెలకు కళాయి పెట్టేవాడమ్మా. స్టీలు వచ్చింది, గిన్నెలు పోయినయి. నేను బండ్లకు వచ్చిన" అనెను. నాకు ఉత్తరము వ్రాసిన సోదరికి ఇది సమాధానమగునేమో తెలియదు. మాట్లు వేయువారు వీథి విడిచి సందులలోనికి పోయినారు, అంతియే.

పరీక్షకు మూతులన్నియు మూసి, సైకిలు పంపుతో రెండు మూడు పోట్ల గాలి మాత్రము కొట్టి, అతుకులపై సబ్బునురుగు పూసెను. బుడగ లేదు. టైర్లకు గాలి కొట్టు యంత్రమును ఇందుకు వాడరాదట, పలుచని రేకు ఉబ్బి చినుగును. లోపల పూయు రసాయనపు పూతలును అంగట దొరకును. ఇథనాలునకు ఓర్వని పూత కొన్నాళ్లకు పొరలు పొరలుగా నూడి పైపునకు అడ్డుపడుననియు, కావలయునన్నచో ఇథనాలునకు తగినదని వ్రాసియున్నదానినే కొనుడనియు చెప్పెను. మేము పూయించలేదు. కూలి 4,500 రూపాయలు. మావారు బేరమాడలేదు. నేనాడబోగా కనుసైగతో వారించిరి.

ఇంటికి తెచ్చి బిగించునప్పుడు పాత రబ్బరు పైపులన్నియు తీయించి, ఇథనాలునకు తట్టుకొను క్రొత్తవి వేయించితిమి. స్త్రీ కేల యీ పనులని మా మెకానిక్కు వేళాకోళమాడగా, నాకు బెర్తా బెంజ్ కథ జ్ఞప్తికి వచ్చి చెప్పితిని. మోటారుకారును కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య యామె. 1888 ఆగస్టులో భర్తకు చెప్పకుండ ఇద్దఱు కొడుకులను ఎక్కించుకొని జర్మనీలో మాన్‌హైమ్ నుండి ప్ఫోర్ట్స్‌హైమ్ వఱకు ఆ కారును నడపినది. దారిలో ఇంధనపు గొట్టము పూడిపోగా తన టోపీ సూదితో పొడిచి తెఱచినది. ఇంధనము నిండుకొనగా మందులషాపులో కొన్నది. లోకమున మొట్టమొదటి దూరప్రయాణపు కారు మరమ్మతు ఆడుదాని తలలోని సూదితోనే జరిగినది. మెకానిక్కు, "అయితే మీకూ ఓ సూది ఇస్తా లెండి" అనెను.

ఇప్పుడు మా యింట క్రొత్తచర్చ నడచుచున్నది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము 50 ఏండ్లు దాటి, అసలు రూపము మార్పక నిలుపుకొన్న సొంత బండ్లను ప్రాచీనవాహనములుగా నమోదు చేయించుకొనవచ్చును. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. కాని ఆ పలక తగిలించిన పిదప దానిని నిత్యోపయోగమునకు రోడ్డెక్కింపరాదు. ప్రదర్శనలకును, ర్యాలీలకును, పెట్రోలునకును, మరమ్మతునకును మాత్రమే. మావారికి మనసున్నది. చౌమహల్లా ప్రాసాదమున ఆఱవ నిజాముగారు చేయించిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారు అద్దములచాటున నున్నట్లు మన బండి యుండనేల యని అత్తయ్యగారు. "ఆయన దీన్లో రోగుల్ని ఎక్కించుకొచ్చేవారు, దండలు కాదు" అనిరి. నేనింకను ఏ వైపును చేరలేదు. ట్యాంకును ఎల్లప్పుడును నిండుగా నుంచి, పదునైదు దినములకొకమాఱు బండిని గచ్చిబౌలి వఱకు త్రిప్పి తేవలెనను షరతు మాత్రము పెట్టితిని. నిండిన ట్యాంకులో తేమకు చోటుండదు.

ఆ వారమంతయు వాచ్‌మన్ భార్య మా వంటయింటనే వండినది. జొన్నరొట్టె చేతితో తట్టుట మా అత్తయ్యగారికి నేర్పినది. బండి తిరిగి వచ్చిన దినమున దానిని సెల్లారులోనికి దింపక, ప్రహరీగోడ ప్రక్కన ఆరుబయట రేకుపందిరి వేయించి నిలిపితిమి. మాటు గట్టిదే. అయినను పొయ్యియున్న చోట నుంచుటకు నాకు మనసొప్పలేదు. ఆమె సిలిండరును క్రిందికి దింపించుకొని పోవుచు ఆ బండిదగ్గఱ ఆగి, నేలకు వంగి, డిక్కీ క్రింద వాసన చూచినది. కొంతదూరము పోయి, మరల వచ్చి యింకొకమాఱు చూచినది. తరువాత లోనికి పోయి పొయ్యి వెలిగించుకొన్నది.